తని ఆవర్తనం మొదలవగానే లేచి వెళ్లిపోకండి! కచేరీలో ఆ పదిహేను నిమిషాలు ఎలా వినాలి?

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడతాను.

నేను డిగ్రీ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా మావయ్య నన్ను హైదరాబాద్‌లో ఒక కర్ణాటక సంగీతం కచేరీకి తీసుకెళ్లాడు. మూడో వరసలో కూర్చున్నాం. పాట బాగానే ఉంది. గంటన్నర గడిచాక ఒక పెద్ద కీర్తన పాడారు. అది అయిపోతోంది అనుకునేలోపు గాయకుడు పాడటం ఆపి, మృదంగం వైపు చూసి చిన్నగా తల ఊపారు. మృదంగం ఒక్కటే మోగడం మొదలైంది. అంతే, హాల్లో సగం కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేస్తున్నారు. ఓహో, ఇంటర్వెల్ అన్నమాట అనుకున్నాను. నేనూ లేచాను. బయటకెళ్లి రెండు మిరపకాయ బజ్జీలు, ఒక కాఫీ. తిరిగొచ్చేసరికి చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను. గట్టిగా!

కచేరీ అయ్యాక మావయ్య నన్ను స్టేజి మీదకి తీసుకెళ్లాడు. మృదంగం వాయించిన పెద్దాయన కింద కూర్చుని, వాద్యానికి ఎడమ వైపు అంటుకున్న తెల్లటి ముద్ద గీకి తీస్తున్నారు. నేను వినయంగా "చాలా బాగా వాయించారండీ" అన్నాను. ఆయన తలెత్తి చూసి, నవ్వి, "మూడో వరసలో ఎర్ర చొక్కా నువ్వే కదా బాబూ, కాఫీ బాగుందా?" అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

తర్వాత ఆయనే అన్నారు, "ఈసారి లేవకు. ఏం అర్థం కాకపోయినా ఫర్వాలేదు. చేత్తో తాళం వేస్తూ కూర్చో. చివర్లో నీ చెయ్యి, నా చెయ్యి ఒకే చోట పడితే చాలు." ఈ రోజు నేను మీకు చెప్పబోయేది ఆ ఒక్క మాటే. కాకపోతే దాన్ని ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చూద్దాం. ఇప్పుడే చెప్తున్నా, మధ్యలో మీ చేతులతో పని పడుతుంది.

ముందు బేసిక్స్. కర్ణాటక కచేరీ స్టేజి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో గాయకుడు లేదా గాయని. మామూలుగా వాళ్లకి ఎడమ పక్కన వయొలిన్, కుడి పక్కన మృదంగం. ఒక్కోసారి వెనకాల ఘటం, కంజీర, లేదా మోర్సింగ్. వెనక తంబురా, ఈ మధ్య చాలా చోట్ల తంబురా బదులు చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, లేదంటే ఫోన్‌లో యాప్.

ఇప్పుడు మనం వింటున్న కచేరీ పద్ధతి 20వ శతాబ్దం మొదటి సగంలో కుదురుకుంది. దానికి ఒక రూపం ఇచ్చిన పేరు ఎక్కువగా అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారికి దక్కుతుంది. ముందు ఒక వర్ణం, తర్వాత చిన్న చిన్న కీర్తనలు, ఆ తర్వాత మెయిన్ ఐటమ్. మెయిన్ ఐటమ్ అంటే రాగాన్ని తీరిగ్గా ఆలాపన చేసి, కీర్తన పాడి, అందులో ఒక లైన్ పట్టుకుని రకరకాలుగా విస్తరించి, స్వరాలు వేసి, చివర్లో తని ఆవర్తనం. అది అయ్యాక పదాలు, జావళీలు, తిల్లానా లాంటి తేలికపాటివి. చివర్లో మంగళం.

తని అంటే తమిళంలో ఒంటరిగా, విడిగా అని అర్థం. తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం. మామూలుగా పది నుంచి ఇరవై నిమిషాలు ఉంటుంది. రెండు, రెండున్నర గంటల కచేరీలో మృదంగం వాయించే మనిషికి పూర్తిగా తనదే అని దొరికే టైమ్ అదొక్కటే. సరిగ్గా ఆ టైమ్‌కే మనం బజ్జీలకి వెళ్తాం.

ఎందుకు వెళ్తాం? మనమేం చెడ్డవాళ్లం కాదు. నాకు అర్థమైనంతలో మూడు కారణాలు. ఒకటి, పట్టుకోవడానికి మాటలు లేవు, రాగం లేదు. పాటలో సాహిత్యం ఉంటుంది. త్యాగరాజస్వామి ఉన్నది తమిళనాడులోని తిరువయ్యారులో అయినా, రాసింది తెలుగులో. కాబట్టి మనకి ఏదో ఒక మాటైనా తగులుతుంది. తనిలో ఆ ఆసరా ఉండదు. రెండు, అప్పటికే గంటన్నర కూర్చుని నడుం పట్టేసి ఉంటుంది. మూడోది అసలు కారణం. గాయకుడు పాడటం ఆపేశాడు కాబట్టి మెయిన్ మనిషి రెస్ట్ తీసుకుంటున్నాడు, మనమూ తీసుకోవచ్చు అనుకుంటాం.

ఇక్కడే మనం పొరపడేది. ఈసారి తని జరుగుతున్నప్పుడు గాయకుడి చెయ్యి చూడండి. ఆ చెయ్యి ఆగదు. మంచినీళ్లు తాగుతూ కూడా తొడ మీద తాళం వేస్తూనే ఉంటారు. అంతసేపూ మృదంగం గాయకుడి పాటకి తోడుగా నడిచింది. ఇప్పుడు గాయకుడు మృదంగానికి తోడుగా తాళం వేస్తున్నాడు. పావుగంట సేపు స్టేజి మీద ఎవరు ఎవరికి పక్కవాద్యమో మారిపోతుంది.

మన భాషలో ఒక సంగతి గమనించారా? "వాడు ఆయనకి తాళం వేస్తుంటాడు" అంటే తిట్టు. "వంత పాడుతున్నాడు" అన్నా తిట్టే. అంటే పక్కనుండి సాయం చేసేవాడికి సొంత బుర్ర ఉండదని మన ఊహ. నిజంగా తాళం వెయ్యడం ఎంత కష్టమో ఇప్పుడు చేసి చూద్దాం.

ఫోన్ ఎక్కడైనా ఆనించి పెట్టండి. చెయ్యి ఖాళీగా కావాలి. కుడి అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, ఒక్కొక్కటీ ఆనించండి. అయిదోది మళ్లీ దెబ్బ. ఆరోది అరచెయ్యి వెల్లకిలా తిప్పడం. ఏడోది దెబ్బ. ఎనిమిదోది మళ్లీ తిప్పడం. అయిపోయింది, ఇదే ఆది తాళం. మొత్తం 8 లెక్కలు. ఇలా ఒక చుట్టు పూర్తయితే ఒక ఆవర్తనం. చుట్టు మొదలయ్యే ఆ మొదటి దెబ్బ పేరు సమం.

(చేత్తో వేసి చూపిస్తూ) దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్య, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఇంకోసారి. దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్య, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. స్పీడ్ పెంచకండి. అందరూ చేసే తప్పు అదే, నేనూ చేశాను. మృదంగం జోరందుకోగానే మన చెయ్యి కూడా పరిగెడుతుంది. వాయించే చెయ్యి ఎంత పరిగెత్తినా వేసే తాళం పరిగెత్తకూడదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మన దగ్గర 8 లెక్కలు ఉన్నాయి. రెండు లెక్కల పొడవున్న ఒక ముక్క వాయిద్దాం. "త క ధి మి త క జ ణు" అనుకోండి, ఎనిమిది అక్షరాలు, లెక్కకి నాలుగు చొప్పున. తర్వాత ఒక లెక్క ఖాళీ. మళ్లీ అదే ముక్క, మళ్లీ ఒక లెక్క ఖాళీ. మళ్లీ అదే ముక్క. రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. మొత్తం ఎనిమిది. వెంటనే పడే దెబ్బ సమం. ఒకే ముక్క మూడుసార్లు వచ్చి, కరెక్టుగా గమ్యం మీద దిగింది.

ఇది నర్సరీ లెక్క అనుకోండి. కానీ తని చివర్లో వచ్చే ముక్తాయింపు పునాది ఇదే. తమిళంలో దాన్నే కోర్వై అంటారు. ఉపన్యాసాల్లో, పేపర్లలో "ఆయన ముక్తాయింపు ఇచ్చారు" అని వింటాం కదా, అదే మాట సంగీతంలోనూ ఉంది. అసలు కచేరీలో ముక్తాయింపు ఒక్క ఆవర్తనంలో తేలదు, చాలా ఆవర్తనాలు నడుస్తుంది. అందులో ముక్కలు ఒకే సైజులో ఉండాలని లేదు, పెరుగుతూ రావొచ్చు, తరుగుతూ రావొచ్చు. పైగా ఎక్కువసార్లు అది దిగాల్సింది సమం మీద కూడా కాదు. కీర్తన లైన్ ఎక్కడ ఎత్తుకుంటారో ఆ చోటు మీద. దాన్ని ఎత్తుగడ అంటారు. అది సమం దాటాక అర లెక్కకి ఉండొచ్చు, ఒకటిన్నర లెక్కకి ఉండొచ్చు. ఆ చోటికి గురి చూసి, ఎక్కడో చాలా ఆవర్తనాల ముందు నుంచి లెక్క మొదలుపెట్టాలి. ముందు కాగితం లేదు, స్క్రీన్ లేదు. కళ్లు మూసుకుని వాయిస్తుంటారు.

చాలా కచేరీల్లో గాయకుడికీ పక్కవాద్యాలకీ రిహార్సల్ ఉండదు. ఏ పాటలు పాడబోతున్నారో కూడా ముందు తెలియకపోవచ్చు. అంటే ఆ రోజు ఏ తాళంలో, ఏ ఎత్తుగడకి తని వాయించాలో స్టేజి మీదే తేలుతుంది.

సరే, తని లోపల ఏం జరుగుతుందో ఒక మ్యాప్ ఇస్తాను. మొదట్లో నెమ్మదిగా ఉంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఎక్కువ. నాదం వినిపించే చోటు ఇది, ఒక్కో దెబ్బ మోగి, సాగి, ఆరిపోవడం వినాలి. తర్వాత నడక మారుతుంది. ఒక్కో లెక్కలో నాలుగు అక్షరాలు, "తకధిమి" అని నడుస్తుంటే అది చతురశ్రం. అదే లెక్కలో మూడు పెడితే, "తకిట", అది తిశ్రం. అయిదు పెడితే "తకతకిట", ఖండం. ఏడు పెడితే "తకిట తకధిమి", మిశ్రం. తొమ్మిది అయితే సంకీర్ణం. మీ చెయ్యి మాత్రం అదే స్పీడ్‌లో వేస్తూ ఉంటుంది, లోపల నడక మారిపోతుంది. తాళం వెయ్యకుండా వింటే ఈ మార్పు అస్సలు దొరకదు. ఏదో స్పీడ్ పెరిగింది అనిపిస్తుంది అంతే.

ఘటమో కంజీరో కూడా ఉంటే అసలు మజా తర్వాత వస్తుంది. మృదంగం కొన్ని ఆవర్తనాలు వాయిస్తుంది, ఘటం జవాబు చెప్తుంది. తర్వాత ఆ పొడవు సగం, అందులో సగం, ఇంకా సగం, అలా తగ్గుకుంటూ చివరికి ఒకళ్ల మాట ఒకళ్లు అందుకునేంత దగ్గరికి వస్తారు. దీన్ని కురైప్పు అంటారు, తమిళ మాట, తగ్గించడం అని. ఆ తర్వాత ఇద్దరూ కలిసి జోరుగా వాయించి, మోహరా అనే భాగం దాటి, ముక్తాయింపుకి వస్తారు. ముక్తాయింపుని మామూలుగా మూడుసార్లు వాయిస్తారు. మూడోసారి అయిపోయే క్షణంలో గాయకుడు కీర్తన లైన్ అందుకుంటాడు. అప్పటిదాకా మీరు తాళం తప్పకుండా వేసి ఉంటే, ఆ క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది. బజ్జీ తినొచ్చి చప్పట్లు కొట్టేవాడికి ఆ క్షణం దొరకదు. నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ తెల్లటి ముద్ద సంగతి. ఆ పెద్దాయన గీకుతున్నది ఏంటో తెలుసా? రవ్వ. మన ఉప్మా రవ్వే! నీళ్లతో ముద్దగా కలిపి, కచేరీకి ముందు మృదంగం ఎడమ మూత మధ్యలో అద్దుతారు. ఆ బరువు వల్లే గుమ్‌మని ఆ లోతైన శబ్దం వస్తుంది. కచేరీ అయ్యాక గీకి తీసేస్తారు. కుడి మూత మీద నల్లటి గుండ్రం ఉంటుంది చూశారా, అది శాశ్వతంగా పొరలు పొరలుగా వేసే పూత. ఆ కుడి మూత గాయకుడి శ్రుతికి సరిగ్గా కలవాలి. రాయితో, చిన్న కర్రముక్కతో అంచు మీద తట్టి తట్టి శ్రుతి చేస్తారు. మృదంగం కొయ్య చాలావరకు పనస కొయ్య. మూతలకి ఆవు, మేక, గేదె తోళ్లు వాడతారు.

ఆ తోలు ఎంచి, కోసి, బిగించి, నాదం పలికించే పనివాళ్లు ఉంటారు కదా, వాళ్ల గురించి మనకేం తెలుసు? గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని ఒక పుస్తకం తెచ్చారు. మృదంగం తయారుచేసే కుటుంబాల గురించి. అందులో చాలామంది దళిత క్రైస్తవ కుటుంబాల వాళ్లు. వాళ్ల చెవి లేకపోతే విద్వాంసుడి చేతికి నాదం లేదు. అయినా కచేరీలో వాళ్ల పేరు వినపడదు. చూడండి, గాయకుడి పేరు పోస్టర్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కవాద్యం పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది, వాద్యం చేసినాయన పేరు అసలు ఉండదు. మన చూపు కూడా అదే వరసలో తగ్గుకుంటూ పోతుంది.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు 1942లో మొదలైంది. ఒక మృదంగ విద్వాంసుడికి అది మొదటిసారి వచ్చింది 1966లో, పాల్ఘాట్ మణి అయ్యర్ గారికి. అంటే 24 ఏళ్లు పట్టింది. మణి అయ్యర్ లాంటి వాళ్లు వాయిస్తున్న కాలం అది!

మన వైపు చూస్తే, 2021 పద్మశ్రీల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి సంగీతంలో రెండు పేర్లున్నాయి. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు, మృదంగ విదుషి నిడుమోలు సుమతి గారు. ఇద్దరూ జీవితంలో ఎక్కువ భాగం పక్కవాద్యం సీట్లో కూర్చున్నవాళ్లే. సుమతి గారి గురించి ఇంకో మాట చెప్పాలి. మృదంగం మగవాళ్ల వాద్యం అని గట్టిగా నమ్మిన కాలంలో ఆవిడ ఆ వాద్యం పట్టుకుని స్టేజి ఎక్కారు.

2024లో శక్తి బ్యాండ్‌కి గ్రామీ వచ్చినప్పుడు మనందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. శంకర్ మహదేవన్, జాకిర్ హుస్సేన్ ఫొటోలు చూశాం. ఆ గ్రూప్‌లో సెల్వగణేష్ గారు ఉన్నారు, కంజీర వాయిస్తారు. ఘటం విద్వాంసులు విక్కు వినాయక్‌రామ్ గారి అబ్బాయి. వాళ్లు అక్కడ వాయించే లెక్కలు, మన ఊరి సభలో తనిలో వినిపించే లెక్కలు ఒకే బడివి. గ్రామీ వస్తే స్టేటస్ పెడతాం, అదే వాద్యం మన ఎదురుగా మోగితే కాఫీకి వెళ్తాం!

రీల్స్‌లో కొన్నక్కోల్ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. నోటితో "తకధిమి తకజణు" అని మెరుపులా చెప్తారు. లక్షల వ్యూస్ ఉంటాయి. చూడండి, తప్పేం లేదు, నేనూ చూస్తాను. కానీ అరనిమిషం రీల్‌లో మీకు గమ్యం మాత్రమే చూపిస్తారు. తనిలో ప్రయాణం కూడా ఉంటుంది. ఎక్కడ లెక్క మొదలైందో మీ చేతికి తెలిస్తేనే, ఎక్కడ దిగిందో మీకు ఆనందం ఇస్తుంది.

"అన్నా, బోర్ కొడితే లేచే హక్కు కూడా లేదా?" అని ఎవరో ఒకళ్లు కామెంట్ పెడతారు, నాకు తెలుసు. ఉంది, తప్పకుండా ఉంది. అత్యవసరం అయితే ఎప్పుడైనా వెళ్లొచ్చు. మామూలుగా వెళ్లాలనుకుంటే రెండు పాటల మధ్య వెళ్లండి. ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి, ప్రతి తనీ గొప్పగా ఉండదు. సాగదీసేవాళ్లున్నారు. నాదం కన్నా మోత ఎక్కువ చేసేవాళ్లూ ఉన్నారు. కానీ బాగాలేదని చెప్పడానికైనా ముందు వినాలి కదండీ.

ఇక హోంవర్క్. ఈ వారం యూట్యూబ్‌లో ఒక పూర్తి కచేరీ వీడియో తెరవండి. ఆది తాళంలో మెయిన్ ఐటమ్ ఉన్నది ఎంచుకోండి. తని మొదలయ్యే ముందు ఒక నిమిషం వెనక్కి వెళ్లి, గాయకుడి చెయ్యి చూస్తూ మీరూ వెయ్యండి. పెద్ద కీర్తనల్లో చాలాసార్లు ఒక్కో లెక్కనీ రెండేసిసార్లు వేస్తారు, దాన్ని రెండు కళలు అంటారు. కంగారు పడకండి, వాళ్లు ఎలా వేస్తే అలాగే వెయ్యండి. తప్పితే గాయకుడి చెయ్యి చూసి మళ్లీ కలవండి. హాల్లో కూర్చున్నప్పుడు కూడా ఇదే పద్ధతి. దీనివల్ల ఒక బోనస్ కూడా ఉంది, తాళం వేసే చేత్తో ఫోన్ పట్టుకోవడం కుదరదు!

ఆ పెద్దాయన మాట విన్నాక నేను మళ్లీ కచేరీకి వెళ్లడానికి ఆరు నెలలు పట్టింది. వేరే విద్వాంసుడు, వేరే సభ. తని మొదలైంది. పక్కన అంకుల్ లేచారు, నేను మోకాళ్లు పక్కకి తిప్పి దారిచ్చి కూర్చున్నాను. ఆవర్తనాలు లెక్కపెట్టలేకపోయాను. తిశ్రం రాగానే మొత్తం తప్పిపోయాను. గాయని చెయ్యి చూసి మళ్లీ పట్టుకున్నాను. ముక్తాయింపు మొదటిసారి వచ్చినప్పుడు తప్పు. రెండోసారి కూడా తప్పు. మూడోసారి నా దెబ్బ, మృదంగం ఆఖరి దెబ్బ కలిసి పడ్డాయి. గాయని పాట అందుకున్నారు. హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అందులో నాది లేదు.

ఈసారి మీరు కచేరీకి వెళ్లినప్పుడు మీ కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదని నా కోరిక. తాళం ఎన్నిసార్లు తప్పారో కామెంట్లలో నిజం చెప్పండి, నవ్వను. మీ ఇంట్లో మృదంగమో ఘటమో కంజీరో నేర్చుకుంటున్న తమ్ముడో చెల్లో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపించండి. వచ్చేవారం మళ్లీ కలుద్దాం. ఉంటానండి, నమస్తే.